కశాభం తిరగదు, వంగుతుంది

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. మీ పత్రిక విజ్ఞాన పుటలో ఇటీవల నీటిలో ఈదే ఏకకణ శైవలాల (నాచుల) గురించి ఒక వ్యాసం వచ్చింది. కంటికి ఆనని క్లామిడోమొనాస్‌కు ఒక దినపత్రిక అర పుట కేటాయించడం అరుదు కనుక ఆ వ్యాసాన్ని ఆసక్తితో రెండుసార్లు చదివాను. రెండోసారి చదివాక ఈ ఉత్తరం రాయక తప్పదనిపించింది. శైవలం తన కశాభాన్ని, అంటే ఈదడానికి వాడే కొరడా వంటి సన్నని అవయవాన్ని, పడవ మోటారుకు ఉండే పంకాలాగా గిరగిరా తిప్పుకుంటూ ముందుకు సాగుతుందని అందులో రాశారు. పక్కనే వేసిన బొమ్మలో కశాభం మొదట్లో పళ్ళేలు పేర్చినట్టున్న వలయాలను, వాటి మధ్య ఒక ఇరుసును, ఆ ఇరుసు చివర వంకర కొక్కేన్ని చూపించారు. వాక్యమూ బొమ్మా ఒకదానికొకటి చక్కగా సరిపోయాయి. కానీ ఆ రెండూ శైవలానివి కావు, బాక్టీరియావి.

ఈ పొరపాటును ఎత్తిచూపే ముందు నా సంగతి చెప్పుకోవడం న్యాయం. నేను చాలాకాలం వృక్షశాస్త్రం బోధించినవాణ్ణి. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాల్లో నల్లబల్ల మీద బాక్టీరియాకూ క్లామిడోమొనాస్‌కూ ఒకే రకం వంకర గీత గీసి, రెంటికీ కశాభం అనే పేరే రాసేవాణ్ణి. అవి వేరువేరని తెలిశాక కూడా, గీయడానికి సులువు కాబట్టి, కొంతకాలం అలాగే గీశాను. కాబట్టి వ్యాసకర్తను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఒకే పేరు పెట్టుకున్న రెండు వస్తువుల మధ్య ఎంత దూరం ఉందో మీ పాఠకుల ముందు ఉంచడానికే ఇదంతా రాస్తున్నాను.

ముందుగా బాక్టీరియా సంగతి. దాని కశాభం ఫ్లాజెలిన్ అనే ప్రోటీను అణువులు సర్పిలంగా పేరుకుని ఏర్పడిన, సుమారు 20 నానోమీటర్ల మందం ఉన్న పోగు. దానికి తనంతట తాను కదిలే శక్తి లేదు. కణత్వచంలో పొదిగి ఉన్న ఒక మోటారు, త్వచం గుండా లోపలికి వచ్చే ప్రోటాన్ల ప్రవాహంతో తిరుగుతుంది. కొన్ని జాతుల్లో ప్రోటాన్ల బదులు సోడియం అయాన్లు ఆ పని చేస్తాయి. మోటారు తిరిగితే పోగు తిరుగుతుంది, అంతే. 1973లో హోవర్డ్ బెర్గ్, రాబర్ట్ ఆండర్సన్ ఆ పోగు నిజంగానే ఇరుసు మీద తిరుగుతుందని వాదించారు. మరుసటి ఏడు సిల్వర్‌మన్, సైమన్ అనే పరిశోధకులు కశాభాన్ని గాజుపలకకు అంటించి చూస్తే, పోగు కదలలేక బాక్టీరియా ఒళ్ళే గిరగిరా తిరిగింది. మీ వ్యాసంలోని పంకా పోలిక దీనికి అక్షరాలా సరిపోతుంది.

ఇప్పుడు శైవలం దగ్గరకు వద్దాం. క్లామిడోమొనాస్ రైన్‌హార్టీ కణం అడ్డంగా సుమారు 10 మైక్రోమీటర్లు ఉంటుంది. దాని ముందు కొసన ఉన్న రెండు కశాభాలు ఒక్కొక్కటి 10 నుంచి 12 మైక్రోమీటర్ల పొడవు, సుమారు 250 నానోమీటర్ల మందం ఉంటాయి. బాక్టీరియా పోగు కణత్వచం బయట ఉంటే, ఇది కణత్వచమే సాగి తొడుగులా కప్పిన, కణంలో అంతర్భాగమైన అవయవం. ఆ తొడుగు లోపల సూక్ష్మనాళికలు ఉంటాయి. ఒక్కో సూక్ష్మనాళిక మందం సుమారు 25 నానోమీటర్లు. అంటే బాక్టీరియా కశాభం మొత్తాన్ని తెచ్చినా శైవల కశాభంలోని ఒక్క నాళికంత మందం కూడా రాదు. అటువంటివి ఇక్కడ ఇరవై నాళికలు ఒక క్రమంలో అమరి ఉన్నాయి. ఈ ఒక్క కొలత చెబితే చాలు, రెండూ ఒకటేననే భ్రమ పోతుంది.

ఆ క్రమాన్ని కాస్త నిదానంగా వివరించాలి, ఎందుకంటే మీ బొమ్మలో లేనిది అదే. కశాభాన్ని అడ్డంగా కోసి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూస్తే, అంచు వెంట తొమ్మిది జంట నాళికలు వలయంగా నిలబడి, నడిమధ్య రెండు ఒంటి నాళికలు కనిపిస్తాయి. దీన్నే 9+2 అమరిక అంటారు. జంటలో ఒకటైన ఎ-నాళిక పదమూడు పోగులతో ఏర్పడిన పూర్తి గొట్టం. రెండోదైన బి-నాళిక పది పోగులతో ఎ-నాళికకు ఆనుకుని ఏర్పడిన అసంపూర్ణ గొట్టం, పక్కింటి గోడను వాడుకుని కట్టుకున్న వసారా వంటిది. ప్రతి పోగూ ట్యూబ్యులిన్ అనే ప్రోటీను ఆల్ఫా, బీటా జతలు తలా తోకా కలుపుకుంటూ పేరుకోగా ఏర్పడుతుంది. ఒక్కో జత పొడవు 8 నానోమీటర్లు. ఈ లెక్కన ఒక మైక్రోమీటరు పొడవున్న పోగుకు 125 జతలు పడతాయి. తొమ్మిది జంటల్లో ఒక్కోదానికి ఇరవైమూడు పోగులు, మధ్య నాళికలకు పదమూడేసి పోగులు చొప్పున కూడితే, 12 మైక్రోమీటర్ల కశాభానికి దాదాపు మూడున్నర లక్షల ట్యూబ్యులిన్ జతలు కావాలి. చివరి కొసలో బి-నాళికలు ముందే ఆగిపోతాయి కాబట్టి అసలు సంఖ్య దీనికి కొంచెం తక్కువే ఉంటుంది. ఇది నేను కాగితం మీద వేసిన లెక్క, పాఠకులు కూడా వేసి చూడవచ్చు.

నాళికలు మాత్రమే ఉంటే అది కదలని కట్టె అయ్యేది. ప్రతి ఎ-నాళిక నుంచి పక్క జంట వైపు రెండు వరుసల చేతులు చాచి ఉంటాయి. ఇవి డైనీన్ అనే ప్రోటీనుతో ఏర్పడినవి. బయటి వరుస చేతులు ప్రతి 24 నానోమీటర్లకు ఒకటి చొప్పున ఉంటాయి. లోపలి వరుసలో ఒకదానికొకటి భిన్నమైన చేతులు కొన్ని కలిసి 96 నానోమీటర్లకు ఒకసారి అదే క్రమంలో పునరావృతమవుతాయి. వీటిని 1959లో స్వీడన్ శాస్త్రవేత్త బ్యోర్న్ అఫ్జీలియస్ సముద్రపు అర్చిన్ శుక్రకణాల్లో గుర్తించాడు. 1965లో ఇయాన్ గిబ్బన్స్ ఆ ప్రోటీనుకు, బలాన్ని కొలిచే డైన్ అనే ప్రమాణం మీదుగా, డైనీన్ అని పేరు పెట్టాడు. జంటల మధ్య నెక్సిన్ బంధాలుంటాయి. వలయం నుంచి మధ్యకు, బండిచక్రపు ఆకుల్లా, కమ్మీలు దిగుతాయి. ఒక్క కశాభంలోనే సుమారు 600 రకాల ప్రోటీన్లు ఉన్నాయని 2005లో లెక్కకు వచ్చింది. 2019 నాటికి నాళికల గొట్టాల లోపలి గోడకు అంటుకుని ఉన్న ప్రోటీన్లే 33 అని తేలింది. ఖాళీ గొట్టాలని మేము బోధించిన చోట అంత సరంజామా ఉందన్నమాట.

ఇంత సరంజామాలో ఎక్కడా ఇరుసు లేదు. మరి కదలిక ఎలా వస్తుంది? ఒక అట్టలేని పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని వంచి చూడండి. వంచగానే పుటలు ఒకదాని మీద ఒకటి జరిగి, కుట్టు లేని అంచు మెట్లుమెట్లుగా కనబడుతుంది. వంగితే పుటలు జరుగుతాయి. దీన్నే తిరగేసి, వంచకుండా పుటలనే ఒకదాని మీద ఒకటి జరిపితే, ఒక పక్క కుట్టు పట్టి ఉంచుతుంది కాబట్టి పుస్తకం వంగక తప్పదు. కశాభంలో జరిగేది సరిగ్గా ఇదే. డైనీన్ చేయి తాను పుట్టిన ఎ-నాళికకు శాశ్వతంగా అంటుకుని ఉండి, పక్క జంటలోని బి-నాళికను పట్టుకుని, కణానికి ఇంధనం వంటి ఏటీపీ అనే అణువు శక్తితో, మొదలు వైపు అడుగులు వేయడానికి ప్రయత్నిస్తుంది. పక్క జంట కొస వైపుకు జారుతుంది. మొదట్లో అన్నీ ఒకేచోట బిగించి ఉండడం వల్ల, మధ్యలో నెక్సిన్ బంధాలు ఉండడం వల్ల, జారుడు అంతా వంపుగా మారుతుంది. తొమ్మిది జంటల చేతులూ ఒకేసారి లాగితే దేనికీ బలం చాలక కశాభం బిగుసుకుపోతుంది. అందుకే ఒక క్షణం ఒక పక్క చేతులు, మరుక్షణం ఎదుటి పక్క చేతులు పనిచేస్తాయి. ఎవరి వంతు ఎప్పుడో తేల్చడంలో చక్రపు కమ్మీలకూ మధ్య నాళికలకూ ముఖ్యమైన పాత్ర ఉంది.

ఇది ఊహాగానం కాదు. 1960ల్లో పీటర్ సటీర్, ఆల్చిప్ప మొప్పల మీది శైలికలు (నిర్మాణంలో కశాభాల వంటివే అయిన పొట్టి కేశాలు) రెండు దిశల్లో వంగి ఉన్నప్పుడు వాటి కొసలను పోల్చి చూసి, నాళికల పొడవు మారడం లేదనీ అవి ఒకదాని పక్కన ఒకటి జారుతున్నాయనీ నిరూపించాడు. 1971లో సమ్మర్స్, గిబ్బన్స్ చేసిన ప్రయోగం మరీ అందమైనది. శుక్రకణాల తోకల తొడుగు తీసేసి, ట్రిప్సిన్ ఎంజైముతో బంధాలను మాత్రం కొరికించి, ఏటీపీ కలిపారు. ఈసారి తోక వంగలేదు. కుట్టు ఊడిన పుస్తకంలా, నాళికలు ఒకదాని పక్క నుంచి ఒకటి జారుతూ తోక మొత్తం మొదటి పొడవుకు కొన్ని రెట్లు సాగిపోయింది. వంపు వెనుక ఉన్నది జారుడేనని ఇంతకంటే తేటగా ఎలా చెబుతాం?

ఈ వంపే క్లామిడోమొనాస్ ఈతకు మూలం. రెండు కశాభాలు సెకనుకు సుమారు 50 సార్లు కొట్టుకుంటాయి. ముందుకు చాచిన చేతులను పక్కలకు విప్పి నీటిని వెనక్కి నెట్టే ఈతగాడి తీరు అది. నెట్టేటప్పుడు కశాభం నిటారుగా ఉంటుంది. తిరిగి ముందుకు తెచ్చుకునేటప్పుడు ఒంటికి దగ్గరగా ముడుచుకుని వంపు మొదలు నుంచి కొసకు పాకుతుంది. రాకలోనూ పోకలోనూ ఒకే భంగిమ ఉంటే ఈ జీవి అంగుళం కూడా కదలలేదు. అంత చిన్న శరీరానికి నీరు మనకు తేనె కంటే చిక్కనిది. అక్కడ జడత్వానికి విలువ లేదు. కశాభాలు ఆగిన మరుక్షణం, తన ఒంటి పొడవులో పిసరంత దూరమైనా సాగకుండా, కణమూ ఆగిపోతుంది. అటువంటి లోకంలో ముందుకూ వెనక్కూ ఒకేలా ఊగే అవయవం ఎంత వేగంగా ఊగినా ఫలితం సున్నా అని 1977లో భౌతిక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ పర్సెల్ వివరించాడు. బాక్టీరియా సర్పిలాన్ని తిప్పి ఈ చిక్కును విడిపించుకుంది, శైవలం రెండు భిన్నమైన భంగిమలతో విడిపించుకుంది. ఒకే ప్రశ్నకు రెండు వేరు జవాబులవి. వాటిని ఒకే జవాబుగా అచ్చువేస్తే ప్రకృతికి మనం చేసే అన్యాయం కంటే పాఠకుడికి చేసే అన్యాయం ఎక్కువ.

ఇక్కడ నన్ను నేను కొంత సవరించుకోవాలి. ఏదీ తిరగదు అని గట్టిగా అంటే పట్టుకునేవారు ఉంటారు. మైక్రోమొనాస్ అనే అతి చిన్న సముద్ర శైవలంలో కశాభం నడిమి నాళికల జంట, చుట్టూ ఉన్న తొమ్మిది జంటల మధ్య గిర్రున తిరుగుతుందని 1981లో కనుగొన్నారు. క్లామిడోమొనాస్‌లో కూడా మధ్య జంట మెలితిరిగి ఉండి, కొట్టుకునేటప్పుడు తిరుగుతుంది. అయితే అక్కడ కూడా మొదట్లో ఇరుసూ లేదు, ప్రోటాన్ల మోటారూ లేదు. శక్తి కశాభం పొడవునా పరచుకున్న వేలాది డైనీన్ చేతుల నుంచే వస్తుంది. మోటారు ఒకచోట ఉందా, ఒళ్ళంతా ఉందా అన్నదే అసలు తేడా. అలాగే 9+2 అన్నది శిలాశాసనం కాదు. కేంద్రక డయాటమ్‌లు అనే ఒక రకం శైవలాల పురుష బీజకణాల్లో మధ్య జంట లేని కశాభం ఉందని 1966లో ఐరీన్ మాంటన్, ఫాన్ స్టాష్ చూపించారు. అయినా అది ఈదుతుంది.

మాంటన్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. 9+2 అమరిక వృక్ష రాజ్యంలోనూ జంతు రాజ్యంలోనూ ఒకటేనని లోకానికి చాటినవారిలో ఈ ఇంగ్లండు వృక్షశాస్త్రజ్ఞురాలు ముందువరుసలో ఉంటారు. లీడ్స్ విశ్వవిద్యాలయంలో 1950ల తొలినాళ్ళలో, నాచుమొక్కల, ఫెర్న్‌ల బీజకణాల మీద ఆమె చేసిన పని అది. అప్పటికి వాటిని పోగులనే అనేవారు. అవి లోపల బోలుగా ఉన్న గొట్టాలని స్పష్టపడి, సూక్ష్మనాళిక అనే పేరు స్థిరపడింది 1963 తరువాతే. మీ వ్యాసంలో ఈమె ప్రస్తావన ఉంటే బాగుండేది.

వ్యాసకర్త చేజార్చుకున్న మరో గొప్ప విషయం కశాభం పెరిగే తీరు. క్లామిడోమొనాస్ ఉన్న నీటిలో కొద్దిగా ఆమ్లం కలిపితే అది తన కశాభాలను మొదలంటా తెంపుకుని వదిలేస్తుంది. ఎక్కడపడితే అక్కడ కాదు, కణానికీ కశాభానికీ నడుమ ఉండే సంధి ప్రాంతంలో, తొమ్మిది జంటలనూ ఒకే మట్టంలో కోసుకుంటుంది. నీటిని మళ్ళీ తటస్థం చేస్తే దాదాపు గంటన్నరలో రెండూ పూర్తి పొడవుకు పెరుగుతాయి. నేను పైన వేసిన లెక్కను రెట్టింపు చేసుకుంటే, తొంభై నిమిషాల్లో ఏడు లక్షల ట్యూబ్యులిన్ జతలను అమర్చుకోవాలి. కొత్త ప్రోటీను తయారుకాకుండా ఆపే సైక్లోహెక్సిమైడ్ అనే రసాయనం వేసినా సగం పొడవు వరకు పెరుగుతాయి. అంటే కణం ఎప్పుడూ సగం సరుకును గాదెలో దాచుకునే ఉంటుంది. ట్యూబ్యులిన్‌కు అంటుకుని నాళికలను కట్టనీయని కాల్చిసిన్ వేస్తే మాత్రం పెరుగుదల నిలిచిపోతుంది. అడవి నాభి (అగ్నిశిఖ) దుంపలో ఉండే విషపదార్థం అదే.

1969లో రోజెన్‌బామ్, మౌల్డర్, రింగో చేసిన పరిశీలనను నేను తరగతిలో చెప్పిన ప్రతిసారీ నాకే కొత్తగా అనిపించేది. రెండింటిలో ఒక కశాభం మాత్రమే తెగిపోతే ఏమవుతుంది? తెగినది పెరగడం మొదలుపెడుతుంది, ఆశ్చర్యమేమంటే బాగున్నది కురచ కావడం మొదలుపెడుతుంది. ఒకటి పెరుగుతూ, మరొకటి తరుగుతూ, రెండూ సమానమైన చోట కలుసుకుని, అక్కడి నుంచి రెండూ కలిసి అసలు పొడవుకు చేరతాయి. కణానికి కొలబద్ద లేదు, కళ్ళు లేవు. మరి రెండు పొడవులనూ పోల్చుకుంటున్నది ఏమిటన్న ప్రశ్న మీద ఇప్పటికీ పని జరుగుతోంది.

పెరుగుదల మొదట్లో కాక కొసలో జరుగుతుంది. అయితే కశాభం లోపల ప్రోటీను తయారీ యంత్రాంగం లేదు, ప్రతి ఇటుకనూ కణం నుంచే కొసకు మోసుకుపోవాలి. ఆ మోత ఎలా జరుగుతుందో 1993లో యేల్ విశ్వవిద్యాలయంలో కోజ్‌మిన్‌స్కీ, రోజెన్‌బామ్, వారి సహచరులు చూశారు. కొట్టుకోని కశాభాలను సూక్ష్మదర్శినిలో వీడియో తీస్తే, త్వచానికీ నాళికలకూ మధ్య సన్నని గుళికలు ఎడతెగకుండా పైకీ కిందికీ పోతూ కనబడ్డాయి. పైకి పోయేవి సెకనుకు సుమారు 2 మైక్రోమీటర్ల వేగంతో కైనీసిన్ అనే మోటారు ప్రోటీను మీద, కిందికి వచ్చేవి దాదాపు 3.5 మైక్రోమీటర్ల వేగంతో మరో రకం డైనీన్ మీద ప్రయాణిస్తాయి. ఎదురెదురుగా వచ్చే రైళ్ళు ఢీకొట్టుకోవా అన్న సందేహానికి 2016లో సమాధానం దొరికింది. పైకి పోయేవి జంటలోని బి-నాళిక మీద, దిగేవి ఎ-నాళిక మీద నడుస్తాయి. తొమ్మిది జంటలూ తొమ్మిది జోడు పట్టాల రైలు మార్గాలన్నమాట. కణంలోని ఇతర సూక్ష్మనాళికలు నిమిషాల్లో పుట్టి నిమిషాల్లో కూలిపోయేవి కాగా, ఇవి స్థిరమైన పట్టాలు. అయినా వీటి కొసల వద్ద ట్యూబ్యులిన్ నిత్యం ఊడుతూ చేరుతూ ఉంటుంది కాబట్టి, సరుకు రవాణా ఆగితే పూర్తిగా పెరిగిన కశాభం కూడా కరిగి కురచబడుతుంది.

ఇదంతా నాచు పెరిగిన నీటి గుంటకు సంబంధించిన ముచ్చట కదా, దినపత్రిక పాఠకుడికి ఎందుకని ఎవరైనా అడగవచ్చు. మన శ్వాసనాళంలో శ్లేష్మాన్ని పైకి ఊడ్చే శైలికలు, శుక్రకణం తోక, మెదడు గదుల్లో ద్రవాన్ని కదిలించే శైలికలు, అన్నీ ఇదే 9+2 అమరికతో, ఇవే డైనీన్ చేతులతో పనిచేస్తాయి. 1976లో అఫ్జీలియస్, సంతానం కలగని పురుషుల్లో కొందరి శుక్రకణాల తోకల్లో డైనీన్ చేతులు లేవనీ, వారికే చిన్ననాటి నుంచి ఊపిరితిత్తుల్లో, సైనస్‌లలో కఫం పేరుకుపోతోందనీ, కొందరికి గుండె కుడిపక్కన ఉందనీ ప్రకటించాడు. 1933లో కార్టజెనర్ అనే వైద్యుడు వర్ణించిన లక్షణాల గుంపుకు కారణం అప్పుడు దొరికింది. గుండె పక్క మారడానికి కూడా కారణం శైలికలే. పిండదశలో ఒక చిన్న గుంటలో ఉండే శైలికలు ద్రవాన్ని ఎడమ వైపుకు తోస్తేనే కుడి ఎడమలు నిర్ణయమవుతాయని 1998లో తేలింది. అవి చల్లకవ్వంలా గుండ్రంగా చిలుకుతాయి, కానీ వాటికీ ఇరుసు లేదు, నాళికలు వరుసగా జారడం వల్లే ఆ గుండ్రపు కదలిక.

ఈ వ్యాధులకు కారణమైన జన్యువులను వెదకడానికి శాస్త్రవేత్తలు తరచు వెళ్ళేది క్లామిడోమొనాస్ దగ్గరికే. దానికి ఒకే జట్టు క్రోమోజోములు ఉండడం వల్ల జన్యువులో లోపం వస్తే దాచే రెండో ప్రతి ఉండదు, ఈదలేని కణం నీటి అడుగున చేరి తనను తాను పట్టిచ్చుకుంటుంది. అలా ఈదలేని రకాలను రాల్ఫ్ లెవిన్ 1950ల్లోనే వేరుచేశాడు. తరువాత వాటిలో ఒకదానికి చక్రపు కమ్మీలు లేవనీ, ఇంకొకదానికి మధ్య జంట లేదనీ తెలిసింది. 2000లో, ఈ శైవలపు రవాణా గుళికల్లోని ఒక ప్రోటీనుకు ఎలుకల్లో ఉన్న ప్రతిరూపం లోపిస్తే మూత్రపిండాల కణాల మీది శైలికలు కురచగా మిగిలిపోయి, మూత్రపిండాలు తిత్తులతో నిండిపోతాయని పాజూర్, రోజెన్‌బామ్, విట్‌మన్ ప్రభృతులు చూపించారు. మూత్రపిండ వైద్యానికి దారి పచ్చనాచు కశాభం గుండా పోయిందంటే నమ్మడం కష్టం, కానీ జరిగింది అదే. మీ బొమ్మలో చూపినట్టు శైవల కశాభం బాక్టీరియా మోటారే అయితే ఈ బంధుత్వం ఒక్కటీ ఉండదు. బాక్టీరియా కశాభం మన శరీరంలోని ఏ కణానికీ చుట్టం కాదు.

కశాభం మొదలు గురించి కూడా రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే మీ బొమ్మలో వలయాలు గీసిన చోట నిజానికి ఉండేది ఆధార కణిక. దానిలో జంటల బదులు మూడేసి నాళికలు తొమ్మిది గుంపులుగా ఉంటాయి, మధ్య జంట ఉండదు. మూడింటిలో రెండు నాళికలు పైకి సాగి కశాభపు జంటలవుతాయి. తొమ్మిదే ఎందుకన్న ప్రశ్నకు జవాబులో పెద్ద భాగం ఇక్కడే ఉంది. ఆధార కణిక పుట్టేటప్పుడు ఎస్ఏఎస్-6 అనే ప్రోటీను తొమ్మిది ఆకుల బండిచక్రంలా అమరుతుంది. కణం విభజన చెందే ముందు కశాభాలను లోపలికి పీల్చుకుంటుంది, ఆధార కణికలు విభజనలో పాలుపంచుకుంటాయి. జంతుకణాల్లో సెంట్రియోల్ అని మనం వేరే పేరుతో పాఠం చెప్పేది ఇదే నిర్మాణాన్ని. ఆధార కణికల నుంచి కణం లోపలికి నాలుగు సూక్ష్మనాళికా కట్టలు వేర్లలా దిగుతాయి. రెండింటిలో నాలుగేసి, రెండింటిలో రెండేసి నాళికలు ఉంటాయి. నేత్రపు చుక్క ఎప్పుడూ నాలుగు నాళికల కట్టల్లో ఒకదాని దారిలోనే ఏర్పడుతుంది. ఆ చుక్క కణానికి ఒక పక్కన ఉండడం వల్లే, ఈదుతూ తన చుట్టూ తాను తిరిగే కణం వెలుగు ఏ దిక్కున ఉందో పసిగట్టగలుగుతోంది.

వ్యాసంలో శైవలాలన్నిటికీ కశాభాలుంటాయన్నట్టుగా రాసిన వాక్యాన్ని కూడా సరిచేయాలి. ఎరుపు శైవలాలకు జీవితచక్రంలో ఏ దశలోనూ కశాభాలు లేవు. నీలి ఆకుపచ్చ శైవలాలని మనం పిలిచేవి నిజానికి బాక్టీరియా, అయినా వాటికి ఆ రకం కశాభమూ లేదు.

ఇక పేరు సంగతి. కశ అంటే కొరడా. లాటిన్ మూలపదానికీ అర్థం అదే. కొరడా వంగుతుంది, అల పాకుతుంది, ఇరుసు మీద తిరగదు. ఆ లెక్కన కశాభం అన్న మాట శైవలానికి అతికినట్టు సరిపోయి, బాక్టీరియాకు ఏమాత్రం సరిపోదు. మనం మాత్రం బాక్టీరియా పోగునూ శైవల అవయవాన్నీ ఒకే పేరు కింద చేర్చి, నిర్మాణంలో ఒకటే అయిన కశాభాన్నీ శైలికనూ రెండు పేర్లతో వేరుచేశాం. కలపాల్సినవాటిని విడదీసి, విడదీయాల్సినవాటిని కలిపాం. ఈ తికమక మనది మాత్రమే కాదు. జీవశాస్త్రవేత్త లిన్ మార్గులిస్ నిజకేంద్రక జీవుల (కణాల్లో కేంద్రకం ఉన్న జీవుల) అవయవానికి అండ్యులిపోడియం అనే వేరే పేరు వాడాలని పట్టుబట్టినా అది వాడుకలో నిలవలేదు. ఇప్పుడు క్లామిడోమొనాస్ మీద పనిచేసేవారిలో చాలామంది దాని కశాభాలను శైలికలనే అంటున్నారు. నా మటుకు నాకు, తెలుగులో కశాభం అన్న పేరును వంగే అవయవానికే ఉంచి, బాక్టీరియా అవయవాన్ని భ్రమణ తంతువు అంటే బాగుంటుందనిపిస్తుంది. పాఠ్యపుస్తకాలు ఒప్పుకునే వరకు, కనీసం బాక్టీరియా కశాభం, శైవల కశాభం అని విశేషణం చేర్చి రాయమని మీ విజ్ఞాన పుట రచయితలకు సూచించగలరు.

మీరు సవరణ వేయదలిస్తే, దయచేసి నిలువు బొమ్మ కాకుండా అడ్డుకోత బొమ్మ వేయించండి. చిత్రకారులు సాధారణంగా పదకొండు సమానమైన సున్నాలు గీసి చేతులు దులుపుకుంటారు. అంచున ఉండేవి తొమ్మిది జంటలనీ, జంటలో ఒకటి నిండు గొట్టం, రెండోది దానికి అతుక్కున్న అసంపూర్ణ గొట్టమనీ, డైనీన్ చేతులన్నీ ఒకే దిశలో చాచి ఉంటాయనీ వారికి ముందుగా చెప్పాలి. కశాభం మొదలు నుంచి కొస వైపుకు చూస్తున్నప్పుడు ఆ చేతులు గడియారపు ముల్లు తిరిగే దిశను చూపాలి. క్లామిడోమొనాస్ బొమ్మే అయితే, తొమ్మిది జంటల్లో ఒకదానికి బయటి వరుస చేయి ఉండదు. అది చిత్రకారుడు మరిచిపోయినది కాదని బొమ్మ కింద ఒక వాక్యం రాయించండి, లేకపోతే మరుసటి వారం నాలాంటివాడు ఇంకొకడు మీకు ఉత్తరం రాస్తాడు.

భవదీయుడు,
విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు